ఇసుక తొట్టెలో నదీపాయ

ఆషాఢం సగం గడిచింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఇంకా మామూలుగానే ఉందని ఉదయం వార్తల్లో విన్నాను. గోదావరికి ఎర్రనీరు రాకముందే పిల్లలకు ఈ ప్రయోగం చూపించాలని అనుకుంటున్నందున, మధ్యాహ్నమంతా హైడ్రాలిక్స్ ల్యాబులోనే గడిపాను. ఇసుక పరిచిన తొట్టెలో ఒక పాయ వంపును మలిచి, వంపు బయటి ఒడ్డున ఏటిగట్టును, దానిని కాచేందుకు ఒడ్డు నుంచి నీటిలోకి చొచ్చుకొచ్చే రాతి కట్టడాన్ని, అంటే గ్రోయినును నిలబెట్టి, నీరు వదిలి చూశాము. వశిష్ఠ, గౌతమి, వైనతేయ పాయల పక్కన పెరిగిన పిల్లలకు గండి అంటే ఏమిటో, కోత అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఇంత చిన్న తొట్టెలోని నీటిని చూసి అంత పెద్ద నది గురించి ఎలా మాట్లాడగలమో మాత్రం చెప్పవలసి వచ్చింది.

ఆ అధికారం మనకు ఫ్రౌడ్ సూత్రం ఇస్తుంది. నదిలో నీటిని నడిపించేది ప్రధానంగా గురుత్వాకర్షణ గనుక, జడత్వానికీ గురుత్వానికీ మధ్య ఉన్న నిష్పత్తి నదిలో ఎంత ఉందో నమూనాలోనూ అంతే ఉండేలా చూసుకుంటే చాలు. కొలతలను వందో వంతుకు కుదిస్తే వేగమూ కాలమూ పదో వంతుకు, ప్రవాహం లక్షో వంతుకు తగ్గుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్దకు వచ్చిన 35 లక్షల క్యూసెక్కుల వరద ఈ లెక్కన 35 క్యూసెక్కులు, అంటే సెకనుకు దాదాపు వెయ్యి లీటర్లు అవుతుంది. ఒక రోజు వరద 2 గంటల 24 నిమిషాల్లో ముగుస్తుంది. మా పంపు అంత నీరు ఇవ్వలేదు కాబట్టి నది మొత్తాన్ని కాక, ఒక్క వంపులో గట్టు పక్క నీటి నడకనే ఎంచుకున్నాము. పెద్ద నమూనాలకు పూణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న, 1916లో మొదలైన కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం వంటి చోట్లు ఉన్నాయి. 50 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించిన పోలవరం స్పిల్‌వే నమూనాను పరీక్షించింది అక్కడే.

ఎదుటి ఒడ్డును సిమెంటుతో కట్టేస్తే పని తేలికవుతుందని ల్యాబు అటెండరు గారు అన్నారు. నేను ఒప్పుకోలేదు, దానిని కూడా ఇసుకతోనే చేయించాను. వాల్వు తిప్పిన కాసేపటికి, గ్రోయిను ఎగువన వేసిన పర్మాంగనేట్ చుక్క ఊదారంగు దారంలా సాగి, రాళ్ల కొస దగ్గర ఒక్కసారిగా కిందికి దిగి సుడి తిరిగింది. ఆ సుడి కిందనే ఇసుక రేణువులు ఒక్కొక్కటిగా లేచి, కొస ముందు గుంట పడింది. గుంట లోతయ్యే కొద్దీ అంచున ఉన్న రాళ్లు ఒకటి రెండు అందులోకి జారాయి. గ్రోయిను వెనక నీరు నెమ్మదించి గట్టు మొదట్లో ఇసుక మేట వేసింది. గట్టు నిలిచింది. పిల్లలు సంతోషించారు. అప్పుడే వెనక నిలబడిన ఒక అమ్మాయి, "మేడమ్, అటు పక్క చూడండి, లంక కోసుకుపోతోంది" అన్నది. ఊదారంగు ధార గ్రోయిను కొస నుంచి ఏటవాలుగా వెళ్లి ఎదుటి ఒడ్డునే తాకుతోంది. ఆ ఒడ్డు అడుగున ఇసుక కరిగి, పైభాగం పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతోంది. ఆమెది లంక గ్రామమే.

ఒక ఒడ్డును కాపాడిందా లేదా అని మాత్రమే చూసి వరద రక్షణ కట్టడానికి మంచి మార్కులు వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. నీటి ఉరవడిని గ్రోయిను హరించదు, దారి మళ్లిస్తుంది. ఆ దారిలో ఎవరి కొబ్బరితోట ఉందో, ఎవరి అరటి చేను ఉందో కట్టకముందే తెలుసుకోవడానికే నమూనా కావాలి. ఎగువకు వాలిన గ్రోయిను ధారను ఒడ్డు నుంచి దూరంగా నెడుతుందని, దిగువకు వాలినది ఒడ్డు వైపే లాక్కుంటుందని పుస్తకంలో చదివినవాళ్లే, దాని పొడవును కొంచెం తగ్గించగానే ఎదుటి ఒడ్డు మీద దెబ్బ ఎంత తగ్గిందో కళ్లారా చూశారు.

నమూనా చెప్పలేనివి కూడా పిల్లలకు వివరంగా చెప్పాను. నది ఇసుకను వందో వంతుకు నూరితే అది ఇసుకగా మిగలదు, బురదలా అతుక్కుంటుంది. అందుకే పెద్ద ప్రయోగశాలల్లో బొగ్గుపొడి వంటి తేలికైన పదార్థాలు వాడతారు. మేము మామూలు ఇసుకే వాడాము కాబట్టి గుంట ఎక్కడ పడుతుందో నమ్మవచ్చు, ఎంత లోతు పడుతుందో నమ్మకూడదు. గట్టులోని ఎలుక బొరియలు, చెట్ల వేళ్ల సందులు, అవతలి వైపు పొలంలోకి ఉబికే ఊట ఏ తొట్టెలోనూ కనిపించవు. వాటి కోసం వరద రోజుల్లో రాత్రిపూట టార్చి పట్టుకుని గట్టు వెంట నడిచే లస్కర్లే కావాలి. కంప్యూటరు నమూనాలు ఏ ఊళ్లోకి ఎంత నీరు వస్తుందో బాగానే చెబుతున్నాయి గాని, గ్రోయిను కొస దగ్గర దిగే ఆ సుడిని సరిగా పట్టుకోవడం వాటికీ కష్టమే.

వరద పెరిగేటప్పటి కంటే తీసేటప్పుడే లంకల అంచులు ఎక్కువగా జారుతాయని ఊళ్లలో పెద్దలు అంటారు. నీటిమట్టం త్వరగా పడిపోతే, తడిసి బరువెక్కిన మట్టికి బయటి నుంచి నీటి ఆసరా పోతుంది కాబట్టి ఆ మాటకు ఆధారం ఉంది. రేపు పొట్టి గ్రోయినుతో మళ్లీ నీరు వదిలి, వాల్వును ఒకసారి నెమ్మదిగా, ఇంకొకసారి త్వరగా మూయించి, రెండు ఒడ్లనూ కొలిపించాలి. లంక వైపు ఒడ్డు కొలతలు ఆ అమ్మాయికే అప్పగించాను.