బొగ్గు నివేదిక కింద నా సంతకం: నా అనుభవం

నిన్న సాయంత్రం మా ల్యాబ్‌కు ఉత్తరం వచ్చింది. బొగ్గు పరీక్షల నివేదికలపై సంతకం చేసే అర్హత ఉన్నవారిలో నా పేరు చేరింది. మంచిర్యాలలో ఈ ల్యాబ్‌లో చేరి పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లూ నమూనా తూచింది నేను, మఫిల్ ఫర్నేసు ముందు నిలబడింది నేను, బొగ్గు ఇచ్చే వేడిని కొలిచే కెలోరీమీటర్‌లో ‘బాంబు’ (నమూనా కాల్చే మూత బిగించిన ఉక్కు పాత్ర) బిగించింది నేను. సంతకం మాత్రం నెలకు రెండుసార్లు వచ్చి వెళ్లే మరొకరిది. ఆయన ఒక్క క్రూసిబుల్ ముట్టుకోగా నేను చూడలేదు. ఈ మాట ఎక్కడైనా రాయాలని చాలా రోజులుగా ఉంది.

దరఖాస్తు దశ సులభమే. కాకతీయ విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ పట్టా, శిక్షణ రికార్డులు, పరీక్షా ల్యాబ్‌లకు వర్తించే ఐఎస్ఓ 17025 ప్రమాణం అడిగే మిగతా కాగితాలు ఇస్తే సరిపోయింది. అనుభవ ధ్రువపత్రం దగ్గర మాత్రం మూడు వారాలు తిరిగాను. నా పాత నియామక పత్రంలో ‘హెల్పర్’ అని ఉంది. కొత్తగా చేరే పిల్లలకు చెప్తున్నాను, మొదటి రోజే ‘కెమిస్ట్’ అని రాయించుకోండి. జీతం కోసం తర్వాత పోట్లాడవచ్చు.

నా అర్హత పరీక్షించే అసెస్సర్ వచ్చిన రోజు ఉదయమంతా బాగానే నడిచింది. తేమకు 108 డిగ్రీలు, బూడిదకు 815, వేడికి ఆవిరై పోయే భాగానికి (వోలటైల్ మేటర్) 900 డిగ్రీల వద్ద సరిగ్గా 7 నిమిషాలు. అడిగినవన్నీ చెప్పాను, చేసి చూపించాను. భోజనం తర్వాత కెలోరీమీటర్ దగ్గరికి వచ్చాం. యంత్రం సరిగా ఉందో చూడటానికి, ఎంత వేడి ఇస్తుందో ముందే తెలిసిన బెంజోయిక్ ఆమ్లం బిళ్ల కాల్చాను, గ్రాముకు సుమారు 6,318 కెలోరీలు రావాలి, హద్దుల్లోనే వచ్చింది. తర్వాత బొగ్గు కాల్చాను. నిర్ణీత గాలి తేమ, ఉష్ణోగ్రతల వద్ద బొగ్గులో నిలిచే ‘సమతుల్య తేమ’కు లెక్క మారిస్తే కిలోకు 4,309 కిలోకెలోరీలు.

ఆయన బాంబు మూత తీయమన్నారు. గిన్నెలోకి వంచి చూపిస్తూ, “అడుగున నీళ్లు కనిపిస్తున్నాయా? ఇవి ఉత్త నీళ్లేనా?” అని అడిగారు. లిట్మస్ కాగితం ముంచారు. నీలం కాగితం ఎర్రబడింది. “ఈ ఆమ్లం లెక్క ఎక్కడ తీశారు?”

“యంత్రమే తీసేస్తుంది సార్” అన్నాను.

సెట్టింగుల పేజీ తెరవమన్నారు. గంధకం అన్న గడిలో సున్నా. ఆమ్ల సవరణ అన్న గడిలోనూ సున్నా. “ఈ సున్నా ఎవరు పెట్టారు?” అన్నారు. నాకు తెలియదు. యంత్రం బిగించిన రోజు నుంచీ అలాగే ఉందేమో. ఆ పేజీని నేను ఎప్పుడూ తెరవలేదు. నేను పని నేర్పిన ఇద్దరు పిల్లలు నా వెనకే నిలబడి ఉన్నారు. ఆయన గొంతు పెంచలేదు, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. చెవులు వేడెక్కి, చేతిలోని బాంబు మూత కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారం కాజీపేట రైలెక్కి, హన్మకొండలో ఉంటున్న మా పాత మాస్టారి ఇంటికి వెళ్లాను. కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. బాయిలర్‌లో బొగ్గు మండితే గంధకం ఎక్కువగా సల్ఫర్ డయాక్సైడ్‌గా పొగగొట్టంలోంచి పోతుంది. బాంబులో 30 అట్మాస్ఫియర్ల ఆక్సిజన్ ఉంటుంది కనుక అది సల్ఫ్యూరిక్ ఆమ్లం దాకా వెళ్తుంది, నత్రజని నైట్రిక్ ఆమ్లం అవుతుంది. ఆ అదనపు వేడి బొగ్గు కొన్నవాడికి దక్కనిది. గంధకం 1 శాతం ఉంటే దానికొక్కదానికే గ్రాముకు 22 కెలోరీల దాకా తీసేయాలి. “బీఎస్సీలో డబుల్ ఇండికేటర్ టైట్రేషన్ చేసినవాడివి, ఇదెంత?” అన్నారు.

సోమవారం బాంబును డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, ఆ నీటిని మిథైల్ ఆరెంజ్ వేసి సోడియం కార్బొనేట్‌తో టైట్రేట్ చేసి ఆమ్లం ఎంతో తేల్చాను. బొగ్గును ఎష్కా మిశ్రమం (మెగ్నీషియం ఆక్సైడ్, సోడియం కార్బొనేట్)తో కలిపి కాల్చి గంధకం విడిగా తేల్చాను, 0.7 శాతం. బెంజోయిక్ ఆమ్లానికీ అదే సవరణ చేసి యంత్రాన్ని కొత్తగా క్రమాంకనం చేశాను. 4,309 కాస్తా 4,295 అయింది. బొగ్గుకు వేడిని బట్టి ఇచ్చే గ్రేడుల్లో జీ-10 గ్రేడు 4,300 పైన మొదలవుతుంది. అంటే నా నమూనా ఒక మెట్టు కిందిది, జీ-11.

పద్నాలుగే కదా, రెండు పరీక్షల మధ్య అంతకంటే ఎక్కువ తేడా రాదా అని మా మేనేజర్ వాదించారు. వస్తుంది. కానీ ఆ తేడా ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. ఈ సున్నా మాత్రం ప్రతిసారీ పైకే నెట్టింది, ప్రతిసారీ కొన్నవాడి జేబులోంచే పోయింది. పాతవి తవ్వవద్దన్నారు. నేను తవ్వాను. రెండేళ్ల నివేదికలు తీసి, గ్రేడు సరిహద్దుకు దగ్గరగా ఉన్నవి ఏరితే పదకొండు తేలాయి. దాచిన నమూనాలు ఉన్నంతవరకు మళ్లీ కాల్చి, సంబంధిత ఖాతాదారులకు ఉత్తరాలు పంపాం. ఆ ఉత్తరాల ముసాయిదా నేనే రాశాను. మా నాన్న గోదావరిఖనిలో భూగర్భ గనిలో ముప్పై ఏళ్లు తట్టాచెమ్మస్ (బొగ్గు ఎత్తే తట్ట, పార) పట్టిన మనిషి. ఆయన తవ్విన బొగ్గుకు అబద్ధపు అంకె వేయడం నా వల్ల కాదు.

సిద్ధమయ్యేవారికి నేను చెప్పేది ఇది. కొలతలో ఎంత తేడా ఉండవచ్చో చెప్పే అనిశ్చితి లెక్కలు బట్టీ పడుతూ కూర్చోకండి, అవి కాగితం చూసి చెప్పవచ్చు. మీ యంత్రంలో ప్రతి గడీ తెరిచి, అందులోని అంకె ఎక్కడిదో కనుక్కోండి. పాస్‌వర్డు మీ మేనేజర్ దగ్గర ఉందంటే రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు, ఆ తప్పు నాదే. కళాశాలల్లో కెలోరీమీటర్ బొమ్మకు మార్కులు వేస్తారు తప్ప బాంబు కడగడం ఎవరూ నేర్పరు, ఆ కోపం మాత్రం నాకు పోలేదు.

ఈ ఉదయం మొదటి నివేదిక నా ముందుకు వచ్చింది. గంధకం 0.52. టైట్రేషన్ చీటీ వెనక పిన్ను పెట్టి ఉంది, చేసింది మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి. బ్యూరెట్ అంకెలు రెండుసార్లు సరిచూసి, ఆమె పేరు పరీక్షించినవారి గడిలో ఉందో లేదో చూసి, కింద సంతకం పెట్టాను.