ఓయూలో పీజీ సీటు: ర్యాంకు సగం, ఆప్షన్లు సగం

ఉస్మానియాలో పీజీ అనుకోగానే పుస్తకాలు తెరిచేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ కోర్సుకు ఏ పరీక్ష? యూనివర్సిటీ ఒక్కటే, దారులు వేరు. ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీలకు సీపీగెట్, అంటే ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష. ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్. ఎంటెక్‌కు గేట్ స్కోరు లేదా పీజీఈసెట్, ఎల్ఎల్ఎంకు పీజీఎల్‌సెట్. పీజీ కాకపోయినా డిగ్రీ తర్వాతే చేసే బీఈడీకి ఎడ్‌సెట్. ఎంసీఏ కూడా పీజీయే కదా అని సీపీగెట్ నోటిఫికేషన్ కోసం చూస్తూ కూర్చుంటే ఐసెట్ గడువు దాటిపోతుంది.

ఇక్కడి నుంచి చెప్పేదంతా సీపీగెట్ గురించే. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద పరీక్ష, నెగెటివ్ మార్కులు లేవు. అంటే ప్రశ్నకు 54 సెకన్లు. మొదటి 50 నిమిషాల్లో చూడగానే జవాబు తట్టినవన్నీ పెట్టేయండి, లెక్కలూ జతపరచడాలూ రెండో విడతకు వదలండి. చివరి ఐదు నిమిషాలు ఖాళీగా మిగిలినవాటికే. ఒక్కటి కూడా వదిలేసి రావద్దు. నెగెటివ్ లేని పరీక్షలో ఖాళీ ప్రశ్న అంటే చేజేతులా మార్కు పారేసుకోవడమే.

సబ్జెక్టువారీ సిలబస్ విడిగా ఇస్తారు. దాన్ని ప్రింటు తీసి మీ ఆరు సెమిస్టర్ల డిగ్రీ పేపర్లతో పోల్చండి, చాలావరకు అక్కడే దొరుకుతుంది. చాలామంది పొరబడేదీ ఇక్కడే. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష పుస్తకాలు ముందేసుకుని ఒక్కో లెక్కకు పావుగంట కూర్చుంటారు. జామ్ లోతు చూస్తుంది, సీపీగెట్ వెడల్పు చూస్తుంది. నాలుగు యూనిట్లు గట్టిగా చదివి ఆరు వదిలేసిన వాళ్ల కంటే పది యూనిట్లూ ఓ మోస్తరుగా చదివినవాళ్లే ముందుంటారు.

ఎంఏ తెలుగు తీసుకోండి. కవులూ కావ్యాలూ బట్టీ పట్టి ఛందస్సును పక్కన పెట్టేవాళ్లు ఎక్కువ. నిజానికి తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులొచ్చేది అక్కడే. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం. చంపకమాలకు న జ భ జ జ జ ర, యతి పదకొండు. శార్దూలానికి మ స జ స త త గ, పదమూడు. మత్తేభానికి స భ ర న మ య వ, పద్నాలుగు. పది, పదకొండు, పదమూడు, పద్నాలుగు: పన్నెండు లేదని గుర్తుంటే చాలు. చదివి వదిలేయకుండా రోజుకో పద్యపాదానికి గురులఘువులు గుర్తించండి. చరిత్ర, ఎకనామిక్స్ వాళ్లకు తెలుగు అకాడమీ పుస్తకాలే పునాది. తెలుగు మీడియంలో సైన్సు చదివినవాళ్లు మాత్రం పారిభాషిక పదాలన్నీ ఇంగ్లీషులో ఒకసారి రాసుకోవాలి. తెలిసిన విషయమే పేరు మారి కనబడితే 54 సెకన్లు చాలవు.

ఇక ర్యాంకు వచ్చాక అసలు కథ. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఈ యూనివర్సిటీ పేరు వింటే అందరికీ కళ్లముందు మెదిలేది 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం. కానీ ఓయూ సీటంటే క్యాంపస్ సీటే కానక్కర్లేదు. బషీర్‌బాగ్‌లోని నిజాం కాలేజీ, సైఫాబాద్, సికింద్రాబాద్ పీజీ కాలేజీలు కూడా ఓయూవే. వీటికితోడు ప్రైవేటు అనుబంధ కాలేజీలున్నాయి. కోఠి మహిళా కాలేజీ ఇప్పుడు వేరే యూనివర్సిటీ, సీనియర్ల పాత లిస్టులు చూసి పొరబడొద్దు. పైగా అదే ర్యాంకు కాకతీయ, పాలమూరు, శాతవాహన, మహాత్మాగాంధీ, తెలంగాణ యూనివర్సిటీలకూ పనికొస్తుంది.

వెబ్ ఆప్షన్లలో, అంటే కావాల్సిన కాలేజీలూ కోర్సులూ ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునేటప్పుడు, కాలేజీ పేరొక్కటే చూడకండి. అదే కోర్సు ఒకచోట రెగ్యులర్, మరోచోట సెల్ఫ్ ఫైనాన్స్, ఫీజులో తేడా చాలా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు అది వర్తిస్తుందో లేదో చూసుకున్నాకే ఆ ఆప్షన్ పెట్టాలి. గణితం ర్యాంకుతో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌కు, స్టాటిస్టిక్స్ ర్యాంకుతో అప్లైడ్ స్టాటిస్టిక్స్‌కు కూడా పెట్టుకోవచ్చు. వీటిని మరిచిపోయి మూడంటే మూడు ఆప్షన్లు పెట్టి సీటు రాలేదని బాధపడడం ప్రతి ఏడూ ఉండేదే. ఇష్టమైన క్రమంలో, వీలైనన్ని పెట్టండి. వస్తే చేరనని ఖాయంగా తెలిసినవి మాత్రం వద్దు.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసుకోండి. బీసీలు ఏ, బీ, సీ, డీ, ఈలలో తమ గ్రూపు దరఖాస్తులోనూ సర్టిఫికెట్‌లోనూ ఒకటే ఉందా అని సరిచూసుకోవాలి. స్థానికత కోసం స్కూలు నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. పాత స్కూలుకెళ్లి అడగడానికే రెండు మూడు రోజులు పోతాయి, సెలవుల్లో ఆఫీసు తెరవకపోతే ఇంకా ఎక్కువ.

మొదటి విడతలో సీటొస్తే గడువులోపు ఫీజు కట్టి రిపోర్టు చేయాలి, లేదంటే ఆ సీటు పోతుంది. రెండో విడతలో మెరుగైన చోటు కోసం మళ్లీ ఆప్షన్లు పెట్టి అది వచ్చిందంటే మొదటిది దానంతటదే రద్దవుతుంది, తిరిగి అడిగినా ఇవ్వరు. కాబట్టి రెండో విడతలో ఇప్పుడున్న సీటు కంటే నిజంగా మేలనిపించేవే పెట్టండి.