కడియం మట్టిముద్ద

కూకట్‌పల్లిలో మా డాబా మీద చచ్చిపోయిన మొక్కల లెక్క నేను పెట్టుకోను. మా ఆయన పెట్టుకుంటాడు. కార్తీకమాసంలో మందారం ఎండిపోతే "పదకొండోది" అన్నాడు. ఆ ఉక్రోషంతోనే సంక్రాంతికి రాజమండ్రి పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు కడియం చూడాల్సిందేనని పట్టుబట్టాను. కనుమ నాడు కాకి కూడా కదలదని పిన్ని ఆపేసింది. ముక్కనుమ రోజు తెల్లవారుజామునే బాబాయి స్కూటర్ తీశాడు.

వేమగిరి దాటాక హైవేకి రెండు పక్కలా పచ్చదనం మొదలైంది. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, జేగురుపాడు, ఎటు తిరిగినా నర్సరీలే. ఇళ్ల వాకిళ్లలో, కాలవ గట్ల మీద, కొబ్బరి చెట్ల నీడలో, ఖాళీ కనిపిస్తే చాలు, కవర్లలో మొక్కలు పేర్చేశారు. ఇన్ని ఊళ్ల పేర్లలో ఈ లంక ఏమిటని అడిగితే, అంతా గోదారి తెచ్చి పోసిన మట్టేనన్నాడు బాబాయి. 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలవ నీళ్లు కూడా అందాయి. ఒండ్రు మట్టీ, ఏడాది పొడుగునా తడీ ఉంటే కొమ్మ గుచ్చినా బతుకుతుంది మరి.

ముందు పూల మార్కెట్‌కి వెళ్లాం. బంతి, చామంతి, కనకాంబరం, లిల్లీ గంపలతో కాలు పెట్టే చోటు లేదు. లిల్లీలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చిన అర్క ప్రజ్వల్ రకం గురించి బాబాయి ఏదో చెప్పబోయాడు కానీ, వెనక నుంచి ఒకాయన మోపు భుజానేసుకుని తోసుకొచ్చేసరికి ఇద్దరం చెరో పక్కకీ దూకాం.

తర్వాత వెళ్లిన నర్సరీ గేటు ముందు కొత్త సంవత్సరానికి మొక్కలతోనే పేర్చిన అక్షరాలు ఇంకా తీయలేదు. లోపల నా కళ్లు నేరుగా ఎర్ర అగ్లోనీమాల మీద పడ్డాయి. మా చిన్నప్పుడు అగ్లోనీమా అంటే ఆకుపచ్చ మీద బూడిద చారలు, అంతే. ఇండోనేషియా, థాయ్‌లాండ్ వాళ్లు సంకరం చేసి చేసి ఆకుకే పూల రంగులు తెచ్చారు. పక్కన నల్లటి ఆకుల జీజీ మొక్క. కొత్త చిగురు ఆకుపచ్చగా వచ్చి, ముదిరేకొద్దీ నల్లబడుతుంది. వింతే కానీ, డబ్బులు పెట్టి ఇంట్లోకి నలుపు తెచ్చుకోవడం నాకెందుకో నచ్చలేదు.

నేను అసలు ఆగిపోయింది వెనక షెడ్డులో. ఒక పెద్దావిడ పీట మీద కూర్చుని ఎడీనియంలకి అంటు కడుతోంది. గింజ మొక్క కాండాన్ని అడ్డంగా కోసి, మధ్యలో వి ఆకారంలో గాటు పెట్టి, ముద్దపూల రకం కొమ్మని చీలకలా చెక్కి అందులో దింపి, టేపు చుట్టేసింది. మీద చిన్న ప్లాస్టిక్ కవరు. నేను ఫోన్‌లో కెమెరా తెరిచేలోపు రెండు అయిపోయాయి.

"గింజ వేస్తే రాదా అక్కా?"

"వస్తాదండి. ఏ రంగు పూస్తాదో దానిష్టం. ఈ రంగే కావాలంటే అంటే కట్టాలండి, ఆయ్."

బ్లేడుకి అంటిన పాలు గుడ్డకి తుడిచి, చెయ్యి కడుక్కోకుండా కళ్లు నలుపుకోవద్దని నన్ను హెచ్చరించింది. గన్నేరు కుటుంబమే కదా. ఆఫ్రికాలో వేటగాళ్లు ఈ పాలని బాణాలకి పూసేవాళ్లు. ఎడారి గులాబీ అని పేరు తప్ప గులాబీతో దీనికి చుట్టరికం లేదు.

గులాబీ మాట వచ్చింది కాబట్టి నా బాధ చెప్పుకున్నాను. పెరట్లో కుంకుమ రంగు గులాబీ రెండేళ్లు పూసి, ఉన్నట్టుండి ఏపుగా పెరిగి, పువ్వన్నదే మానేసింది. "ఆకుకి ఎన్ని రేకులున్నాయండి?" అని అడిగింది. ఐదుండేవి, ఇప్పుడు ఏడు. ఆవిడ నవ్వేసింది. పై రకం ఎప్పుడో చచ్చిపోయింది, అంటుకి కింద నాటు గులాబీ పిలకేసి మొత్తం ఆక్రమించింది. అంటే నేను ఏడాదిగా ఎరువులు వేసి పెంచుతున్నది ముళ్ల మొక్కనే! అంటు కట్టిన చోటు మట్టి పైకే ఉండాలనీ, దాని కింద వచ్చే పిలకని వచ్చినప్పుడే లాగేయాలనీ నాకు మొక్క అమ్మినతను ఒక్క ముక్క చెప్పలేదు.

నీలం గులాబీ విత్తనాల గురించి అడగలేదు. అది నా పరువు సమస్య. ఆన్‌లైన్‌లో కొని మొలిపించాలని చూసిన ఘనత నాది. జపాన్‌లో సంటోరీ వాళ్లు జన్యుమార్పిడితో ఏళ్ల తరబడి కష్టపడి 2009లో అమ్మకానికి పెట్టిన నీలం గులాబీయే చూడ్డానికి లేత ఊదా. నాకు యాభై రూపాయల ప్యాకెట్‌లో వస్తుందా?

అగ్రికల్చర్ డిప్లొమా చేసిన ఓనరు గారబ్బాయి ఇంకో రహస్యం విప్పాడు. బంతిలా గుండ్రంగా, జానెడు ఎత్తులో విరగబూసిన చామంతుల్ని చూసి నేను మురిసిపోతుంటే, "ఇంటికెళ్లాక ఇలా ఉండవు మేడమ్" అన్నాడు. కొన్ని మొక్కలకి పాక్లోబ్యుట్రాజోల్ లాంటి మందు పోస్తారట. కాండాన్ని సాగదీసే హార్మోను తయారవకుండా అది అడ్డుపడుతుంది. దాని ప్రభావం తగ్గాక మొక్క మామూలుగా పొడుగు సాగుతుంది. మనమేమో మన చెయ్యి మంచిది కాదనుకుని కుంగిపోతాం. అమ్మేవాడే ఈ మాట చెప్పడం నాకు భలే నచ్చింది. అక్కడే రెండు చామంతులు ఎక్కువ కొన్నాను, బాబాయి వద్దంటున్నా.

వచ్చేముందు ఆ పెద్దావిడ ఒక గులాబీ కవరు చింపి అడుగున మట్టిముద్ద చూపించింది. గట్టిగా, బంకగా, ఇటుక చేయబోతున్నట్టు ఉంది. లారీలో రోజుల తరబడి వెళ్లినా విడిపోకుండా, తడి ఆరకుండా ఉండాలంటే ఈ బంకమట్టే కావాలి. కానీ దాన్ని అలాగే తీసుకెళ్లి కోకోపీట్, అదే కొబ్బరి పొట్టు, నింపిన కుండీలో దింపితే, పోసిన నీళ్లు ముద్ద పక్క నుంచి జారిపోతాయి. ముద్ద లోపల ఎండిపోనైనా పోతుంది, లేదంటే ఒకసారి నానాక ఆరక వేళ్లు కుళ్లుతాయి. "బకెట్ నీళ్లలో కాసేపుంచి, పైపైన మట్టి కడిగేయండమ్మా. మొత్తం దులపొద్దు, పీచు వేళ్లు పోతాయి."

పదకొండు మొక్కల్లో ఎన్ని ఈ ముద్దతో పోయాయో రైల్లో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఏడు దాకా తేలాయి.

ఇంటికొచ్చిన మర్నాడు డాబా మీద మూడు బకెట్లు పెట్టి కూర్చున్నాను. కడియం నుంచి తెచ్చిన గులాబీలు రెండూ కుదురుకున్నాయి, చిగుర్లు కూడా వేశాయి. చామంతులు అప్పుడే పొడుగు సాగుతున్నాయి. అంటు ఎడీనియం మాత్రం ఆకులన్నీ రాల్చేసింది. కాండం మెత్తబడనంత వరకు బతికున్నట్టేనని ఆవిడ చెప్పింది. రోజూ పొద్దున కాఫీ తాగేముందు వెళ్లి బొటనవేలితో నొక్కి చూస్తున్నాను. ఇవాళ్టికి గట్టిగానే ఉంది.