గైడు వెంట కొండదారిలో: సైకిలు కన్నా ముందు సిద్ధం కావాల్సినవి

కొండదారుల్లో సైకిలు యాత్రకి బుకింగ్ ఖాయమయ్యాక గైడు దగ్గర నుంచి ఒక ప్రశ్నల పట్టిక వచ్చింది. ఎత్తు, బరువు, వాడే మందులు, అలర్జీలు ఎవరైనా అడిగేవే. వాటి కింద ఉన్నవే నన్ను కాసేపు కూర్చోబెట్టాయి. ఆగకుండా ఎంతసేపు ఎక్కగలరు? తడిసిన చెట్టు వేళ్ల మీదుగా తొక్కారా? చివరిసారి ఎప్పుడు, ఎలా పడ్డారు?

పడ్డ సంగతి ఎందుకని ఫోన్ చేసి అడిగాను. "ఎలా పడ్డారో తెలిస్తే మీరు దేనికి భయపడతారో తెలుస్తుందండీ. భయపడే చోట మీరు బ్రేకు గట్టిగా పట్టేస్తారు. అక్కడ నేను ముందే ఆగి మిమ్మల్ని చూసుకోవాలి" అందామె. గైడు ఉంటే మనం పెద్దగా ఏమీ చూసుకోనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. దారి, వాతావరణం, అత్యవసర ఏర్పాట్లు ఆమె చూసుకుంటుంది, నిజమే. కానీ మన ఒళ్లెలా ఉందో, మన సైకిలెలా ఉందో మనం చెప్తేనే కదా ఆమెకు తెలిసేది. సాధారణంగా ముందొక గైడు, అందరికంటే వెనక ఇంకో గైడు నడిపించే బృందంలో ఒకరు తమ సత్తా గురించి ఎక్కువ చెప్పుకుంటే, దారి చీలిన ప్రతిచోటా మిగతా అందరూ వాళ్ల కోసం నిలబడాలి.

అందుకే ఉన్నదున్నట్టు రాశాను. ఎక్కడం పర్వాలేదు, దిగడంలో నెమ్మది, వదులు రాళ్లంటే బెదురు.

తర్వాత రోజుకెంత దూరమో చూశాను. పాతిక కిలోమీటర్లంటే తారురోడ్డు అలవాటున్నవాళ్లకి నవ్వొస్తుంది. పక్కనే ఎక్కాల్సిన ఎత్తు వెయ్యి మీటర్లని ఉంది. కొండదారిలో లెక్క వేసుకోవాల్సింది దాన్నే. కాబట్టి సాధనలో దూరం సంగతి పక్కనపెట్టి ఎత్తు పెంచుకుంటూ పోయాను. వారాంతాల్లో వరసగా రెండు రోజులూ తొక్కేవాణ్ణి. మొదటిరోజు ఎవరైనా బాగానే తొక్కుతారు. రెండోరోజు పొద్దున సీటు మీద కూర్చోగానే అసలు సంగతి బయటపడుతుంది. నీళ్లు, పనిముట్లు, వానకోటు అన్నీ బ్యాగులో వేసుకునే తొక్కాను. ఖాళీ వీపుతో చేసిన సాధన బ్యాగు తగిలించుకున్నాక సగమే పనికొస్తుంది.

చేతుల సంగతి ఎవరూ ముందు చెప్పరు. దిగేటప్పుడు సీటు మీద కూర్చోం. రెండు పెడళ్లూ సమంగా ఉంచి, మడమలు కొంచెం కిందికి దించి, మోకాళ్లు, మోచేతులు వదులుగా వంచి నిలబడే ఉంటాం. అరగంట అలా దిగితే ముంజేతులు రాయిలా బిగుసుకుంటాయి. అందుకని కాళ్ల వ్యాయామంతో పాటు పుషప్‌లు, ప్లాంక్ కూడా మొదలుపెట్టాను. ఖాళీ మైదానంలో బ్రేకుల అభ్యాసం వేరుగా చేశాను. హ్యాండిల్ దగ్గర నొక్కే బ్రేకు లివర్ మీద ఒక్క వేలే ఉంచి, మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకోవాలి. ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకుదే, కానీ వదులు రాళ్ల మీద ముందు చక్రం బిగుసుకుపోతే జారి పడతాం. ఎంత నొక్కితే అక్కడిదాకా రాదో చేతికి తెలియాలి, చదివితే వచ్చేది కాదది.

అక్కడ సైకిలు అద్దెకు దొరుకుతుందన్నారు గానీ నేను నాదే తీసుకెళ్లాను. అద్దెకు తీసుకునేవాళ్లు సైజుతో పాటు ముందు బ్రేకు ఏ చేతివైపు ఉందో కూడా అడగాలి. కొన్ని దేశాల్లో కుడివైపు, కొన్నింట్లో ఎడమవైపు ఉంటుంది. వాలులో కంగారుపడ్డప్పుడు చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది.

పెట్టెలో సర్దడం కొత్తవాళ్లని ఏడిపిస్తుంది. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. స్పానర్ పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు తిప్పితే రెండూ ఊడతాయి, ఇదొక్కటి గుర్తుంటే చాలు. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్కు బ్రేకులున్న సైకిలుకి చక్రం తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. లేకపోతే దారిలో లివర్ నొక్కుకుపోయి ప్యాడ్లు ఒకదానికొకటి దగ్గరైపోతాయి, తర్వాత మధ్యలో చక్రానికుండే డిస్కు దూరదు. మా బృందంలో ఒకాయన తన ఎలక్ట్రిక్ సైకిలు విమానంలో తేవాలనుకున్నాడు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో తీసుకెళ్లనివ్వరు, ఆ సైకిళ్ల బ్యాటరీలేమో సాధారణంగా అంతకు రెండింతలు పైమాటే. చివరికి ఆయన అద్దెకు తీసుకున్నాడు.

విడిభాగాల్లో నేను గట్టిగా పట్టుబట్టేది డీరైలర్ హ్యాంగర్ గురించి. వెనక గేర్లు మార్చే డీరైలర్‌ని ఫ్రేముకి తగిలించే చిన్న లోహపు ముక్క అది. దెబ్బ తగిలితే ఫ్రేము పాడవకుండా తాను వంగిపోవడమే దాని పని. చిక్కేమిటంటే ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం. గైడు సంచిలో పంపు, చైను లింకులు, ప్లాస్టర్లు అన్నీ ఉండొచ్చు, అందరి హ్యాంగర్లూ ఉండవు. బ్రేకు ప్యాడ్లూ అంతే, ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ట్యూబ్‌లెస్ టైర్లున్నా ఒక ట్యూబు వెంట ఉండాలి. లోపల పోసే సీలెంట్ చిన్న చిల్లుల్ని పూడుస్తుంది గానీ కొన్ని నెలలకే ఎండిపోతుంది. బయల్దేరేముందు నేను కొత్తది పోయించుకున్నాను.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. హెల్మెట్‌కి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలి ఉంటే, పగులు కనబడకపోయినా మార్చేయాలి. కొత్త బూట్లు, కొత్త మోకాలి ప్యాడ్లు యాత్రలోనే మొదటిసారి వేసుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

చేరిన మర్నాడు గైడు మమ్మల్ని నేరుగా కొండకి తీసుకెళ్లలేదు. చదునైన చోట ఒక్కొక్కరి చేతా చిన్న చిన్న వలయాలు తిప్పించింది, ఉన్నట్టుండి ఆపించింది. మేము తొక్కుతుంటే మా కళ్లెక్కడున్నాయో చూసింది. ముందు చక్రం వైపు చూస్తున్నవాళ్లందరికీ ఒకటే మాట, "దూరంగా చూడండి." తర్వాత సైకిళ్లు. సీటు మీద కూర్చున్నప్పుడు సస్పెన్షన్ ఎంత దిగుతుందో కొలిచింది, అది దిగగలిగే మొత్తం దూరంలో పాతిక నుంచి ముప్పై శాతం దాకా దిగితే సరే. నా టైర్లు నొక్కి చూసి కొంత గాలి తీసేసింది. మెత్తగా ఉన్న టైరు రాళ్లని కరుచుకుంటుంది. ట్యూబులున్న ఒకావిడ తన టైర్లకీ అలాగే తీయబోతే వద్దంది, గాలి తక్కువైతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి జంట చిల్లులు పడతాయట.

మొదటి రోజు దారికి మ్యాపులో నీలం రంగు ఉంది. ఆకుపచ్చ సులువు, నీలం మధ్యస్థం, నలుపు కష్టం. కానీ ఒకచోటి నీలం ఇంకోచోట నలుపంత ఉండొచ్చని ఆమె ముందే హెచ్చరించింది. అన్నట్టే ఒక మలుపు దాటగానే దారి మెట్లుగా పేర్చిన రాళ్ల మీదుగా కిందికి దిగిపోయింది. అందరినీ ఆపి, సైకిళ్లు పక్కన పెట్టించి, కిందిదాకా నడిపించి చూపించింది. పైకొచ్చాక ఇద్దరు తొక్కుతూ దిగారు. నేను సైకిలు పట్టుకుని నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు, ఆమె అయితే రెండుసార్లూ ఒకేలా తలూపింది.

మధ్యాహ్నం ఒకతని డీరైలర్‌లో ఎండుకొమ్మ ఇరుక్కుని హ్యాంగర్ వంగిపోయింది. అతను తన బ్యాగు అడుగున వెతికి కొత్తది తీశాడు. మేము నీళ్లు తాగి కాస్త నడుం వాల్చేలోగా పని అయిపోయింది. అది లేకపోతే అతను ఆ పూట సైకిలు తోసుకుంటూ కిందికి పోవాల్సిందే.

తర్వాత వానలు పట్టుకున్నాయి. బురదలో బ్రేకు ప్యాడ్లు ఎంత వేగంగా అరుగుతాయో అప్పుడే చూశాను. రాత్రి చైను తుడిచి, డిస్కుకి తగలకుండా నూనె వేసి, టార్చి వెలుగులో ప్యాడ్లు చూస్తే వెనకవి దాదాపు రేకు దాకా వచ్చేశాయి. తెచ్చుకున్న కొత్తవి వేశాను. కొత్త ప్యాడ్లతో నేరుగా వాలులోకి దిగకూడదు. వేగం అందుకుని, పూర్తిగా ఆపకుండా తగ్గించి, మళ్లీ అందుకుని, ఇలా చాలాసార్లు చేస్తే గానీ పట్టు రాదు. పొద్దున్నే బస ముందున్న రోడ్డు మీద అటూ ఇటూ తొక్కుతుంటే గైడు గుమ్మంలో నిలబడి బ్రేకు చప్పుడు వింది.

"ఇంకో అయిదారుసార్లు చేయండి" అని లోపలికెళ్లిపోయింది. చేశాను.