గ్రూపులో చేరడానికి నేను పడిన పాట్లు

నాకు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉంది. ఎవరూ లేకపోయినా చెవిలో గొంతులు వినిపించేవి, మందులతో అవి చాలావరకు తగ్గాయి. కానీ గది దాటి బయటికి రావాలని, నలుగురితో మాట్లాడాలని అనిపించకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే. దాని మీద మందులు అంతగా పనిచేయవు. డాక్టరుగారు ఆ సంగతి చెప్పి గ్రూప్ థెరపీకి, అంటే ఇలాంటి జబ్బులున్నవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే చికిత్సకు, రాసిచ్చారు. ఫోన్ చేస్తే టైమ్ కూడా వెంటనే ఇచ్చారు.

నన్ను ఏడిపించింది చేరేముందు జరిగిన ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లోనే, ఓ ప్రైవేటు సెంటర్‌లో. అన్నయ్య, నేను పక్కపక్కనే కూర్చున్నాం. ఫైలు నాది, ప్రశ్నలన్నీ అన్నయ్యకు. "రోజూ స్నానం చేస్తాడా? ఎవరినైనా కొడతాడా? డబ్బులు లెక్కపెట్టగలడా?" తలుపు బార్లా తీసే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు లోపలికి తొంగి చూస్తున్నారు. "నన్ను అడగండి మేడమ్, నేను చెప్తాను" అన్నాను. ఆవిడ నావైపు చూడకుండానే, "ఇంట్లో కూడా ఇలాగే అడ్డం వస్తాడా?" అని అన్నయ్యను అడిగి, కాగితం మీద ఏదో రాసుకుంది. నేను బీకాం ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూశాను. నాకు డబ్బులు లెక్కపెట్టడం వచ్చా అంట! "వాడికి నాకంటే బాగా వచ్చు" అని అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఇద్దరం బయటికొచ్చేశాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మా వివరాలు గోప్యంగా ఉంచాలి. జబ్బు చేసినంత మాత్రాన మనిషికి సిగ్గూ అభిమానం పోవు. ప్రశ్నలడిగే ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకు ముందు ఈ సంగతి నేర్పాలి.

తర్వాత ఓ ప్రభుత్వాసుపత్రి గ్రూపులో చేరాను. అక్కడ మాట్లాడమని బలవంతపెట్టరు. మొదట్లో నేను ఊరికే కూర్చునేవాణ్ణి. ఒకరోజు రిటైరైన కండక్టర్ ఒకాయన, "ఫ్యాను వేస్తే చాలు, అందులోంచి నన్ను తిడుతుంటారు" అన్నారు. "నాకు కుళాయి తిప్పితే వస్తుందండీ" అని నోరు జారింది. ఆయన కుర్చీ నావైపు జరుపుకుని, "నీకూనా? ఏమంటుంది?" అని అడిగారు. డాక్టర్లు ఎన్నోసార్లు అడిగారు గానీ, అదేంటో తెలిసిన మనిషి అడగడం అదే మొదటిసారి. "ఎక్కాలు పైకి చదువు, కాస్త వెనక్కి తగ్గుతుంది" అన్నారు. ఇప్పుడు స్నానం చేస్తూ పదిహేడో ఎక్కం చదువుతాను. నాకైతే పనిచేస్తోంది. గ్రూపు అయ్యాక అందరం టీ తాగి, క్యారమ్స్ ఆడి వెళ్తాం. ఎవరైనా రాకపోతే ఫోన్ చేస్తాం.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందులు మానేసి మా గ్రూపుకు రండి అనేవాళ్ల గడప తొక్కకండి. ఇంటివాళ్లకు ఒక్క మాట: మావాళ్ల సంగతి మావాళ్లనే అడగండి అని అక్కడికక్కడే చెప్పండి, మా అన్నయ్యలాగా.

ఆ ప్రైవేటు సెంటర్‌కు జరిగిందంతా ఉత్తరం రాసి, రిజిస్టర్ పోస్టులో పంపాను. జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాస్తున్నాను.