ఖాళీ పేజీ దగ్గర ఆగిపోయిన లూప్: నా అనుభవం

రిపోర్టులో మొత్తం తక్కువ వస్తోందని అకౌంట్స్ వాళ్లు చెప్పాక ఆ స్క్రిప్ట్ నా చేతికొచ్చింది. అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ అయిన డైనమోడీబీలోని టేబుల్‌ను స్కాన్ చేసి (అంటే మొత్తం చదివి), రద్దయిన ఆర్డర్లను మాత్రం తీసి కూడే పైథాన్ కోడ్ అది. ఎర్రర్ ఏమీ లేదు, లాగ్‌లో పని సవ్యంగా ముగిసినట్టే ఉంది. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఇలాంటివే. ప్రోగ్రామ్ పడిపోతే వెంటనే తెలుస్తుంది. ముందే ఆగిపోతే మాత్రం ఎవరో అంకెలు పోల్చి చూసేదాకా బయటపడదు.

లూప్ చిన్నదే. పేజీ (ఒక విడతలో వచ్చే జవాబు) తెచ్చుకోవడం, రికార్డులుంటే కలపడం, ఖాళీగా వస్తే ఆగడం. చదివితే సబబుగానే అనిపిస్తుంది. కానీ డైనమోడీబీ ఒక్కో విడతలో గరిష్ఠంగా 1 ఎంబీ డేటా చదివి, ఆ తర్వాతే ఫిల్టర్ (మనకు కావలసినవే ఉంచే షరతు) వేస్తుంది. చదివిన ముక్కలో రద్దయిన ఆర్డర్ ఒక్కటీ లేకపోతే, టేబుల్ ఇంకా ఎంత మిగిలి ఉన్నా పేజీ ఖాళీగానే వస్తుంది. మా లూప్ దాన్నే చివర అనుకుంటోంది.

నిజమైన చివర ఏదో జవాబులోని లాస్ట్‌ఎవాల్యుయేటెడ్‌కీ (చదవడం ఎక్కడ ఆగిందో చూపే గుర్తు) చెబుతుంది. అది ఉంటే దాన్ని పంపి మళ్లీ అడగాలి, లేకపోతేనే ఆగాలి. మొదటి విడతకు పంపడానికి కీ ఉండదు కాబట్టి ఈ పరీక్ష లూప్ లోపల చివర్లో ఉండాలి. పైథాన్‌లో డూ-వైల్ (పని ఒకసారి చేశాకే షరతు చూసే లూప్) లేదు, అందుకే వైల్ ట్రూ పెట్టి చివర్లో బ్రేక్ రాశాను. కొందరికి ఇది నచ్చదు. ఆగే కారణం ఒకేచోట కనిపిస్తుంది కాబట్టి నాకిదే నయం. పైథాన్ నుంచి అమెజాన్ సేవలను వాడే లైబ్రరీ బోటో3లోని పేజినేటర్ ఈ పనంతా తానే చేస్తుంది, కొత్త కోడ్‌కైతే అదే వాడమంటాను. ఈ స్క్రిప్ట్‌లో ప్రతి పేజీ తర్వాత కీని దాచుకుని, పని తెగిపోతే అక్కడి నుంచే మొదలుపెట్టే ఏర్పాటు ముందే ఉంది. అందుకని చేత్తో రాసిన లూప్‌నే ఉంచాను.

ఎప్పటికీ ఆగకపోతే ఎలా అన్న భయంతో పేజీలకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టాం. అక్కడికి చేరితే బ్రేక్ చేసేద్దామన్నాడు తోటి ఉద్యోగి. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే సగం డేటాతో మళ్లీ గప్‌చుప్‌గా ముగుస్తుంది కదా. పరిమితి దాటినా, వరుసగా రెండుసార్లు అదే కీ వచ్చినా ఎర్రర్ ఇచ్చి ఆగాల్సిందే.

సరిచూసుకోవడానికి టేబుల్ వివరాల్లోని ఐటమ్‌కౌంట్ పనికిరాదు. అది దాదాపు 6 గంటలకోసారే మారుతుంది, పైగా ఫిల్టర్‌తో సంబంధం లేకుండా అన్నింటినీ లెక్కిస్తుంది. అందుకే ప్రతి పేజీకీ కౌంట్ (ఫిల్టర్ తర్వాత మిగిలినవి), స్కాన్డ్‌కౌంట్ (ఫిల్టర్‌కు ముందు చదివినవి) రెండూ లాగ్‌లో రాయిస్తున్నాను. మొదటిది సున్నా, రెండోది వేలల్లో ఉంటే పేజీ ఖాళీ అయింది ఫిల్టర్ వల్లే, డేటా లేక కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

టెస్టుకు నకిలీ జవాబులు తయారుచేశాను: మొదటి పేజీలో రెండు రికార్డులు, తర్వాత కీతో వచ్చే రెండు ఖాళీ పేజీలు, ఆఖర్న కీ లేకుండా ఒక రికార్డు. పాత లూప్ 2 అంటుంది, కొత్తది 3. ఇప్పుడు పాత నెలల రిపోర్టులనూ దీంతో మళ్లీ నడుపుతున్నాం. తేడా వచ్చిన ప్రతి నెలకూ పాత మొత్తం, కొత్త మొత్తం పక్కపక్కనే రాసి అకౌంట్స్ వాళ్లకు ఇస్తున్నాం.