శుక్రవారంలోగా పేరు ఇవ్వాలి

తెల్లవారుజామున 4 గంటలకు ఫోన్. రాత్రి బ్యాచ్, అంటే రాత్రిపూట వరసగా నడిచే ప్రోగ్రాములు, మధ్యలో పడిపోయింది. సాక్ సెవెన్, అంటే అంకెలు కానివాటితో లెక్క కట్టబోతే వచ్చే ఎర్రర్. నిద్రకళ్లతోనే లాగిన్ అయి చూస్తే, అంకెలు ఉండాల్సిన చోట ఖాళీలు వచ్చాయి, ఒకే ఒక్క రికార్డులో. దాన్ని పక్కన పెట్టించి, ఆగిన స్టెప్ నుంచి జాబ్ మళ్లీ నడిపించి, అంతా సరిగా అయిందని చెప్పే రిటర్న్ కోడ్ సున్నా కనబడేదాకా కూర్చున్నాను. అప్పటికి తెల్లారిపోయింది.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో మూడు నెలల ట్రైనింగ్ ఉంది, ఇష్టమున్నవాళ్లు శుక్రవారంలోగా పేర్లివ్వండి అని మా లీడ్ సోమవారం చెప్పారు. అప్పట్నుంచీ ఇదే టెన్షన్. 2004లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష, ఆ జాబ్‌లను నడిపించే జేసీఎల్, డేటా దాచే డీబీ2 నేర్చుకున్నాను, ఇన్నేళ్లుగా మా ఇంట్లో అన్నం పెట్టింది అవే. 2020లో కరోనా సమయంలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తి, అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు కావాలని అందరి ముందూ అడిగినప్పుడు, ఇక నా పనికి ఢోకా లేదనుకున్నాను. ఇప్పుడు మా దగ్గర అడుగుతున్నది కోబాల్ ప్రోగ్రాములను జావాలోకి మార్చేవాళ్లను.

సాయంత్రం బీటెక్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో జావాతో 0.1కి 0.2 కలిపి చూపించింది. 0.30000000000000004 వచ్చింది! డబ్బు లెక్కల్లో ఇలా వస్తే ఎలా అని నాకు గుండె జారింది. "డబ్బుకి డబుల్ వాడకూడదమ్మా, బిగ్‌డెసిమల్ వాడాలి" అంది. డబుల్ దశాంశాల్ని దాదాపుగా దాస్తుందట, బిగ్‌డెసిమల్ ఉన్నదున్నట్టు దాస్తుందట. సరే అని దాంతో 10ని 3తో భాగిస్తే ఎర్రర్ ఇచ్చింది, ఎన్ని అంకెల దగ్గర ఆపాలో, ఎలా రౌండ్ చేయాలో మనమే చెప్పాలట. అది నాకు నచ్చింది, ఎందుకంటే కోబాల్ అడగదు. రౌండెడ్ అన్న మాట రాయకపోతే మిగిలిన అంకెల్ని చప్పుడు లేకుండా కోసేస్తుంది.

మా వడ్డీ ప్రోగ్రాములో ఆ మాట లేదు. 1234.567 వస్తే 1234.56 రాస్తుంది. జావాలోకి మార్చేవాళ్లు అలవాటుగా హాఫ్ అప్, అంటే సగం లేదా అంతకు మించితే పై అంకెకి పెంచే పద్ధతి, పెడితే 1234.57 అవుతుంది. లక్ష ఖాతాల్లో ఒక్కో పైసా తేడా వచ్చినా వెయ్యి రూపాయలు, అదీ ఒక్క రాత్రికి. ఆ మాట మర్చిపోయి వదిలేసింది కాదు, కావాలనే రాయలేదు, ముట్టుకోవద్దని నేను చేరిన కొత్తలో ఒక సీనియర్ చెప్పారు. ఏ డాక్యుమెంటులోనూ ఆ సంగతి లేదు, ఆయన రిటైరై చాలా కాలమైంది.

43 ఏళ్ల వయసులో మళ్లీ మొదటి పాఠం నుంచి, ఇరవై మూడేళ్ల పిల్లల పక్కన కూర్చోవాలంటే భయంగానే ఉంది. కానీ ఈ ప్రోగ్రాములు ఎలాగూ మారతాయి, మార్చే గదిలో ఆ సంగతి తెలిసిన మనిషి ఒకరైనా ఉండాలి కదా. రాత్రి తొమ్మిదిన్నరకి లీడ్‌కి మెయిల్ పెట్టేశాను.

తర్వాత నోట్‌బుక్ తీసి, రౌండెడ్ లేకుండా లెక్క కట్టే చోట్లు గుర్తున్నంతవరకు రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి.